తూనీగ కంటిసాక్షి

గస్తీ, తొమ్మిదో రోజు

పొద్దున లేవగానే కరెంటునిచ్చే ఎండపలకల మీద పేరుకున్న ఉప్పు తుడిచాం. రెండు రోజులుగా తుఫాను గాలి కొట్టి పలకలన్నీ సున్నం వేసినట్టు తెల్లబడ్డాయి. అలాగే వదిలేస్తే మధ్యాహ్నానికి మంచినీళ్ళ యంత్రం ఆగిపోతుంది. పద్నాలుగు మందికి మనిషికి రెండు సీసాల నీళ్ళు రావాలంటే కెప్టెన్ అయినా సరే గుడ్డ పట్టుకోవలసిందే. కెప్టెన్ ఇందుమతి నాకంటే పద్దెనిమిదేళ్ళు చిన్నది. మోకాళ్ళ మీద కూర్చుని మా అందరికంటే ఎక్కువే తుడిచింది.

తూనీగ చిన్న ఓడ. నాలుగు క్షిపణి గొట్టాలు, ఒక రాడార్, ఒక వంటగది, పడుకోవడానికి ఒకదాని మీద ఒకటి మూడు వరుసల బల్లలు. సమాఖ్య నౌకాదళంలో ఇంతకంటే చిన్న యుద్ధనౌక లేదు. మునిగిపోయిన తీరం మీదుగా తిరగాలంటే ఇలాంటి ఓడలే పనికొస్తాయి. కింద ఊళ్ళున్నాయి. నీళ్ళు తేటగా ఉన్న రోజున వాటర్ ట్యాంకుల నెత్తులు కనిపిస్తాయి.

నా పని చూడటం, చూసింది రాయడం. రాడార్ తెరమీద ఎవడైనా ఎక్కణ్ణుంచైనా లేని ఓడను పుట్టించగలడు, ఉన్నదాన్ని మాయం చేయగలడు. అందుకే ప్రతి ఓడలోనూ ఒక కంటిసాక్షి ఉంటాడు. వాడు డెక్కు మీద నిలబడి, బైనాక్యులర్స్‌తో చూసి, ఎదురుగా ఏముందో గొంతెత్తి చెప్పాలి. ప్రమాణం చేసిన ఆ గొంతు పలికితేనే క్షిపణి తాళం ఊడుతుంది. తర్వాత అదే మాటను సిరాతో లాగ్‌బుక్‌లో రాయాలి. కోర్టుకు వెళ్ళినా, పై అధికారుల దగ్గరికి వెళ్ళినా చెల్లేది ఆ చేతిరాతే.

ఇరవై రెండేళ్ళుగా ఆ మనిషిని నేనే. రేవులో దిగితే దుకాణాల వాళ్ళు లేచి నిలబడతారు. పైల కేశవరావు చూశాడంటే చూశాడంతే అంటారు.

అందుకే ఈ రెండో పుస్తకం పెట్టుకున్నాను. లాగ్‌బుక్‌లో రాయలేనిది ఎక్కడో ఒకచోట రాయాలి. నా ఎడమ కంట్లో ఏడాదిగా పొర కమ్మింది. ఈ వేసవిలో కుడి కంట్లోనూ మొదలైంది. గస్తీకి ముందు జరిగిన కంటి పరీక్షలో ఐదు వరుసలూ తప్పు లేకుండా చెప్పాను. ముందురోజే ఆ గదిలోకి వెళ్ళి, గోడకు ముక్కు ఆనించి, అక్షరాలన్నీ బట్టీ పట్టాను. డాక్టర్ మెచ్చుకుంటే సిగ్గుపడినట్టు నవ్వాను కూడా.

ఈ ఒక్క గస్తీ ముగిశాక చెప్పేస్తాను అనుకున్నాను. గత గస్తీ ముందూ అదే అనుకున్నాను.


గస్తీ, పదకొండో రోజు

ఇవాళ ఒక క్షిపణి వదిలాం.

పోయిన నెల మా జంట ఓడ కందిరీగను ఖాళీ పడవ ఒకటి వచ్చి గుద్దింది. ఖాళీ పడవ అంటే మనుషులు లేకుండా, కడుపునిండా మందుగుండుతో, తనంతట తాను వచ్చే పడవ. మాతో యుద్ధంలో ఉన్న దక్షిణ దీవుల వాళ్ళు వాటిని పాత చేపల పడవల్లాగే కనబడేలా తయారు చేస్తున్నారు. కందిరీగలో పద్నాలుగు మందీ పోయారు. వాళ్ళలో సగం మందితో నేను కలిసి భోంచేశాను. అప్పటినుంచి మా ఓడలో ఎవరికీ కంటినిండా నిద్ర లేదు.

పదిన్నర దాటాక రాడార్ కూసింది. తూర్పు నుంచి ఒకటి నేరుగా మా మీదికి వస్తోంది. పిలిస్తే పలకడం లేదు. నేను డెక్కు మీదికి పరిగెత్తి బైనాక్యులర్స్ ఎత్తాను. సముద్రం మీద ఎండ, పైన పలచటి మంచు. ఆ మంచు సముద్రం మీద ఎంత ఉందో నా కళ్ళలో ఎంత ఉందో నాకే తెలియదు. ఒక నల్లటి మరక కనిపించింది. దాని మధ్యలో పసుపుపచ్చగా ఏదో అలికినట్టుంది.

"కేశవరావు గారూ, మనుషులున్నారా?" స్పీకర్లో కెప్టెన్ గొంతు.

అద్దాలు సరిచేశాను. మరక మరకలాగే ఉంది.

"నలభై సెకన్లే ఉన్నాయి. మనుషులున్నారా, లేరా?"

కనిపించడం లేదని చెప్పడానికి వీలుంది. 'చూపు అందలేదు' అని ఒక మాట ఉంది. ఆ మాట అంటే తాళం తెరుచుకోదు, ఓడ పక్కకు తిరిగి పారిపోవాలి. పారిపోతే బతికేవాళ్ళమో లేదో తెలియదు. నాకు ఓడ సంగతి గుర్తొచ్చిందని రాస్తే ఈ పుస్తకంలోనూ అబద్ధం రాసినట్టే. నాకు గుర్తొచ్చింది కంటి పరీక్ష గది. చూపు ఎందుకు అందలేదని అడుగుతారని భయపడ్డాను.

"లేరు" అన్నాను.

తాళం ఊడింది. పొగ, చప్పుడు. మరక ఉన్నచోట ముందు వెలుగు, తర్వాత ఏమీ లేదు. రెండో ఖాళీ పడవ వెనకాల వస్తుందేమోనని అక్కణ్ణుంచి వెంటనే కదిలిపోయాం. లాగ్‌బుక్‌లో రాశాను: "ఖాళీ పడవ. మనుషులు లేరు. ధ్వంసమైంది." రాత స్థిరంగానే ఉంది. నా చెయ్యి ఎప్పుడూ వణకదు.

మధ్యాహ్నం వంటమనిషి చిట్టెబ్బాయి నా కంచంలో అడక్కుండానే రెండో చేపముక్క వేశాడు. "మీ కళ్ళు చల్లగుండాలి" అన్నాడు. తిన్నాను.

సాయంత్రం నాలుగింటికి, వెనక్కి తిరిగి వస్తుండగా, నీలం డ్రమ్ము ఒకదానికి వేలాడుతూ ఒక ఆడమనిషి దొరికింది. క్షిపణి పడినచోటికి ఉత్తరంగా మూడు మైళ్ళు. స్పృహ లేదు, ఎడమ చెయ్యి విరిగింది, చెవుల్లోంచి రక్తం. ఓడలో వైద్యం చూసే సుగుణ ఆమెను లోపలికి తీసుకెళ్ళింది. తుఫానుకు దక్షిణాన చేపల పడవలు కొన్ని మునిగాయని కబురుంది. నీటివాలు ఉత్తరానికే. ఆ పడవల్లోదే అయ్యుంటుందని అందరూ అన్నారు.

నేనూ అన్నాను.


గస్తీ, పన్నెండో రోజు

ఆమె కళ్ళు తెరిచింది. పేరు సూరాడ పోలమ్మ. నలభై ఏళ్ళుంటాయి. తేలే ఊళ్ళలోని మనిషి. నేల మునిగాక డ్రమ్ముల మీద, తెప్పల మీద ఇళ్ళు కట్టుకుని చేపలు పట్టుకుంటున్నవాళ్ళ ఊళ్ళవి. చెవులు సరిగా వినబడటం లేదు. సుగుణ నోరు దగ్గరగా పెట్టి గట్టిగా అరిస్తే కొంచెం అందుతోంది.

లాగ్‌బుక్ కోసం వివరాలు రాసుకోవడానికి నేను వెళ్ళాలి. కెప్టెన్ కూడా వచ్చింది.

"ముగ్గురం వొచ్చినాం" అంది పోలమ్మ. "నాను, మా అయ్య, మా తమ్ముడు. తుపానుకి రేడియో పాడైపోనాది. గవర్నమెంటు ఓడ అగుపడితే రేడియో బాగుసేయించుకుందామని ఎదురొచ్చినాం."

"పడవ ఎలా మునిగింది?" సుగుణ ఆమె చెవిలో అరిచింది.

"పిడుగు పడినాది."

"తుఫాన్లోనా?"

"తుపాను అయిపోనాదమ్మా. ఎండ కాస్తన్నాది. మబ్బన్నది నేదు. మబ్బు నేకుండా పిడుగు ఎలాగ పడతాది?"

ఆమె నిజంగానే అడుగుతోంది. సుగుణను, కెప్టెన్‌ను, నన్ను వరుసగా చూసింది. నేను కాగితం వంక చూశాను.

కెప్టెన్ నన్ను బయటికి తీసుకెళ్ళింది. తలుపు మూసి, మెల్లగా అడిగింది. "కేశవరావు గారూ, నిన్న మీరు చూసింది ఖాళీ పడవేనా?"

"ఖాళీదే మేడమ్."

"తప్పుపట్టడానికి అడగడం లేదు. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. ఇప్పుడు చెప్పినా ఆ చుట్టుపక్కలే వెతకొచ్చు. మీ కళ్ళతో చూశారా?"

ఇంత మర్యాదగా, ఇంత దారి ఇచ్చి ఎవరూ అడగరు. చెప్పడానికి నాకు ఒక్క అడుగు కూడా ముందుకు వేయక్కర్లేదు.

"చూశాను మేడమ్. మనుషులు లేరు."

ఆమె తల ఊపింది. నమ్మింది. నమ్మడం ఆమె ఉద్యోగం. పోలమ్మకు జ్వరంలో ఏదో కలగలిసిపోయి ఉంటుందని, పడవ తుఫానులోనే మునిగి ఉంటుందని తేల్చారు. మిగతా ఇద్దరినీ వెతకడానికి ఓడను దక్షిణానికి తిప్పారు.

వాళ్ళు దక్షిణాన లేరని ఈ ఓడలో ఒక్కడికే తెలుసు. తెలుసు అని రాయడానికి కూడా ఇంతసేపూ నసిగాను. తెలుసు.


గస్తీ, పదమూడో రోజు

దక్షిణాన నలభై మైళ్ళు వచ్చాం. ఏమీ లేదు. నన్ను డెక్కు మీద నిలబెట్టారు. అందరిలోకీ చూపున్నవాణ్ణి కదా. పొద్దుటినుంచి బైనాక్యులర్స్ కళ్ళకు ఆనించుకుని ఖాళీ సముద్రాన్ని వెతుకుతున్నట్టు నటించాను.

పోలమ్మ విరిగిన చెయ్యి మెడకు కట్టించుకుని వచ్చి నా పక్కనే కూర్చుంది. పడుకోమంటే వినలేదు. చాలాసేపటికి నా చొక్కా అంచు లాగింది.

"రాతబాబు నువ్వే గదా."

తల ఊపాను.

"నువ్వు రాస్తే గవర్నమెంటోలు నమ్ముతారంట. సుగుణమ్మ సెప్పినాది. మావోళ్ళ పేర్లు రాయి బాబూ. రేపు మరో ఓడోళ్ళు అయినా ఎతుకుతారు."

లాగ్‌బుక్ తెచ్చాను. ఆమె చెప్పింది, నేను రాశాను. సూరాడ దానయ్య, అరవై మూడేళ్ళు, కుడికాలు కొంచెం కుంటి. సూరాడ ఎల్లాజీ, ఇరవై తొమ్మిదేళ్ళు.

"మా అయ్యకి ఈత బాగా వొచ్చు" అంది. "ఎల్లాజీగాడికీ వొచ్చుగానీ, ఆడు తొందరపడతాడు. మా అయ్య పక్కనుంటే ఆడికేటీ కాదు." పుస్తకం మీద వేలు పెట్టి, "పడవ ఎలాగుంటాదో కూడా రాయి. నల్ల పడవ. నడుంకాడ పచ్చ బరకం గుడ్డ కట్టినాం, ఎండకి. పసుపు పచ్చ. దూరానికి బాగా అగుపడతాది" అంది.

కలం ఆగింది.

"రాసినావా?" అని అడిగింది. నా ముఖం చూసి, "సెప్పినాను గదా, పసుపు పచ్చ" అని మళ్ళీ చెప్పింది, నాకు వినబడలేదనుకుని.

రాశాను.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. కెప్టెన్ ఇరవై అడుగుల దూరంలో ఉంది. రెండుసార్లు లేచి రెండుసార్లు కూర్చున్నాను. నా గురించే ఆలోచించుకున్నాను. తీసుకెళ్ళి ఏ జైల్లో పెడతారు, రేవులో ఎవరు ఏమంటారు, సంతకాల మీద సంతకాలు పెట్టిన ఇరవై రెండేళ్ళ పుస్తకాలన్నీ మళ్ళీ తిరగేస్తారా. నా మాట మీద తాళం ఊడిన సందర్భాలు ఇదివరకు ఆరున్నాయి. వాటిలో ఈ ఏడాదివి రెండు. అవి కూడా అడుగుతారు. పోలమ్మ పక్కనే కూర్చుని ఇవన్నీ లెక్కపెట్టుకున్నాను. ఆమె తన వాటా నీళ్ళలో సగం సీసా తాగకుండా పక్కన పెట్టింది. ఎందుకని సైగ చేస్తే, "ఆళ్ళు దొరికితే దప్పికతో ఉంటారు గదా" అంది.

పొద్దు వాలేదాకా ఆ సీసా మా ఇద్దరి మధ్యా ఉంది.


గస్తీ, పద్నాలుగో రోజు

పొద్దున్న ఏడింటికి చెప్పాను.

ధైర్యం వచ్చి చెప్పలేదు. వెతకడం ఆపేసి మధ్యాహ్నానికి రేవుకు తిరుగుదామని కెప్టెన్ అనడం విన్నాను. ఇన్ని రోజులయ్యాయి, ఇక దొరకరు అంది. ఆ మాటకు నా ఒళ్ళు తేలికపడింది. ఇక బయటపడదు అనుకున్నాను. అలా తేలికపడినందుకు నా మీద నాకే రోత పుట్టి, ఆ రోత చల్లారకముందే ఓడ నడిపే బ్రిడ్జి గదిలోకి వెళ్ళాను.

"మేడమ్, నాకు కనబడలేదు."

"ఏది?"

"ఆ రోజు పడవలో మనుషులున్నారో లేరో నాకు కనబడలేదు. నా రెండు కళ్ళలోనూ పొరలున్నాయి. లేరని ఊరికే చెప్పాను. మొన్న మీరు అడిగినప్పుడూ అబద్ధమే చెప్పాను. ఆ పడవ వీళ్ళదే. పసుపుపచ్చ బరకం కనబడింది నాకు."

ఆమె నన్ను తిట్టలేదు. చుక్కానివాడి వైపు తిరిగి, "ఉత్తరానికి తిప్పు. ఉన్న వేగమంతా పెట్టు" అంది. మ్యాపు ముందు వేసుకుని, నీటివాలు గంటకు ఎంత, మూడు రోజులకు ఎంత అని కొలుచుకుంది. పెన్సిల్ మొన రెండుసార్లు విరిగింది. అదంతా అయ్యాకే నా వంక చూసింది.

"వెళ్ళి ఆమెకు చెప్పండి."

"మేడమ్, సుగుణ చేత..."

"మీరే."

పోలమ్మ డెక్కు మీద నిన్నటి చోటే కూర్చుని ఉంది. ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని చెప్పాను. ఆమెకు వినబడలేదు. చెవి నా వైపు తిప్పి, "ఏటి బాబూ?" అంది. ఇంకొంచెం గట్టిగా చెప్పాను. "పిడుగు" అన్న మాట ఒక్కటే అందినట్టుంది.

ఆఖరికి అరవాల్సి వచ్చింది. "పిడుగు కాదమ్మా. మేమే కొట్టాం. నేను లేరన్నాను. చూడకుండా లేరన్నాను."

ఓడ ఓడంతా విన్నది. వంటగదిలో గరిట చప్పుడు ఆగింది. పలకలు తుడుస్తున్నవాళ్ళు గుడ్డలు పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఆమెకు అర్థమైందో లేదో తెలియక, అదే మాట మరోసారి అరిచాను. చిట్టెబ్బాయి వంటగది గుమ్మంలోకి వచ్చి, నన్ను చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు.

పోలమ్మ నన్ను కొట్టలేదు. ఏడవలేదు కూడా. ఒకటే అడిగింది.

"నిన్న పేర్లు రాసినప్పుడు తెలుసా నీకు?"

"తెలుసు."

అది మాత్రం అరవకుండానే ఆమెకు అందింది. లేచి, నీళ్ళ సీసా తీసుకుని, ఓడ ముందుభాగానికి వెళ్ళి నిలబడింది.

మధ్యాహ్నం మూడింటికి దొరికారు. నా కళ్ళకు కాదు, చుక్కానివాడి కళ్ళకు. విరిగిన పడవ చెక్కకు, వల తేలడానికి వాడే బెండ్లు రెండు కట్టి ఉన్నాయి. దాని మీద ఇద్దరు మనుషులు. ఒకరి నడుముకు ఒకరిని వలతాడుతో ముడేసుకున్నారు. ఎల్లాజీ చెయ్యి ఎత్తాడు. రెండో మనిషి ఎత్తలేదు.

పైకి తీశాక తాడు కొయ్యబోతే ఎల్లాజీ ఒప్పుకోలేదు. పోలమ్మ వెళ్ళి ఒక్క చేత్తోనే ముడి విప్పింది. సీసా మూత తీసి తమ్ముడి నోట్లో చుక్కచుక్కగా పోసింది. మిగిలిన నీళ్ళతో తండ్రి ముఖం కడిగింది.

"ఎప్పుడురా?" అని అడిగింది.

ఎల్లాజీ పెదవులు పగిలి నెత్తురు గట్టాయి. "నిన్న. పొద్దు కుంకే ఏళకి. పడవ ఇరిగిన మర్నాడే ఓడ అగుపడినాదక్కా. మమ్మల్ని దాటేసి కిందికెల్లిపోనాది. అయ్య సెయ్యూపినాడు. మళ్ళీ వొస్తారు, పానం వొదిలీకు అన్నాడు. నిన్న దాకా అదే మాట."

నిన్న పొద్దు వాలే వేళ నేను డెక్కు మీద కూర్చుని ఉన్నాను. మొన్న కెప్టెన్ అడిగినప్పుడు చెప్పి ఉంటే మొన్న సాయంత్రానికే ఇక్కడ ఉండేవాళ్ళం. నిన్న పసుపుపచ్చ అన్నప్పుడు చెప్పి ఉంటే కూడా, ఉన్న వేగమంతా పెడితే, బహుశా. ఆ బహుశాను ఎవరితోనూ అనను.

కెప్టెన్ లాగ్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టింది. "మరో ప్రమాణం చేసిన చెయ్యి ఈ ఓడలో లేదు. రేవు చేరేదాకా మీరే రాయాలి" అంది. ఆ మాటలో కోపమూ లేదు, జాలీ లేదు. మొదట పదకొండో రోజు వాక్యం కింద సవరణ రాయించింది. తర్వాత చావు పేజీ. పేరు, వయసు, వేళ, కారణం.

మొదటి మూడూ రాశాను. నాలుగో గడిలో 'నీళ్ళు లేక' అని మొదలుపెట్టాను. పోలమ్మ, తండ్రి తల ఒళ్ళో పెట్టుకుని, నా చేతినే చూస్తోంది. ఏమి రాస్తున్నాడని సుగుణను అడిగింది. సుగుణ ఆమె చెవిలో చెప్పింది.

"నీళ్ళు కాదు" అంది పోలమ్మ. "నీళ్ళని రాయకు. నీ పేరు రాయి."

కెప్టెన్ వంక చూశాను. ఆమె సముద్రం వైపు చూస్తూ నిలబడింది. వద్దనలేదు.

రాసిన రెండు మాటలూ కొట్టేసి, పక్కన రాశాను: పైల కేశవరావు, కంటిసాక్షి.

పోలమ్మ పుస్తకం నా దగ్గర్నుంచి తీసుకుని ఎల్లాజీ ముందు పెట్టి, చదవమంది. వాడు డెక్కు అంచుకు ఆనుకుని, వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ చదివాడు. తండ్రి పేరు, వయసు, వేళ. నాలుగో గడి దగ్గర ఆగాడు.

"ఈ కేశవరావు ఎవుడక్కా?"

వాడు మా ముఖాలు ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తున్నాడు.

"నేను" అన్నాను.